ప్రమాణము చేయని మహామంత్రి: సర్ థామస్ మోరు

ఆంగ్లదేశ చరిత్రమును చదువునపుడు ఒక విషయము కొట్టవచ్చినట్లు కనబడును. ఆ దేశమున పేరు ప్రతిష్ఠలు గడించిన వారిలో పెక్కురు తమ యింట, తమ పానుపుపై, తమవారి నడుమ కన్నుమూయు భాగ్యమునకు నోచుకొనలేదు. స్కాట్లండు రాణి మేరీ పందొమ్మిదేండ్లు బందీగా నుండి 1587లో గొడ్డలి వేటునకు బలియయ్యెను. సముద్రయానములు చేసి కీర్తిగాంచిన సర్ వాల్టరు రాలీ పదుమూడేండ్లు చెఱలో మ్రగ్గి, అచ్చటనే ప్రపంచ చరిత్రమును వ్రాసి, విడుదలయై మరల నౌకాయానము చేసి వచ్చి, తుదకు 1618లో తల కోల్పోయెను. మొదటి ఛార్లెసు రాజును ఆయన ప్రజలే విచారించి 1649లో ఆయన భవనము ముంగిటనే వధించిరి.

ఇట్లు మడిసినవారిలో కొందఱు సింహాసనమునకై, కొందఱు యుద్ధములకై, కొందఱు కుట్రల మూలమున మడిసిరి. కాని 1535వ సంవత్సరము జూలై 6వ తేదీ ఉదయమున లండను కోట వెలుపలి గుట్టపై తల యొగ్గిన సర్ థామస్ మోరు కథ వేఱు. ఆయన తిరుగుబాటు చేయలేదు. రాజునకు ఎదురుగ సేన గూర్చలేదు. వీథికెక్కి ఉపన్యసింపలేదు. తన మనస్సు ఒప్పని ప్రమాణమొకటి చేయుమనగా చేయక, కారణము చెప్పుమనగా చెప్పక, ఊరకుండెను. ఆ మౌనమే ఆయన ప్రాణము తీసినది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈయన కథ నెన్నుకొనుటకు మఱియొక కారణము కూడ కలదు. ఈయన జీవితమంతయు పుస్తకములతో ముడిపడి యున్నది. ఈయన మరణము సైతము ఒక పుస్తకముల మూట చెంతనే నిర్ణయింపబడినది. అది యెట్లో ముందు చెప్పెదను.

మోరు 1478లో లండను నగరమున జన్మించెను. తండ్రి జాను మోరు న్యాయవాది. పిదప న్యాయమూర్తి యయ్యెను. ఆ కాలపు ఆచారము ననుసరించి బాలుని ఒక పెద్దమనుష్యుని యింట పరిచారకునిగ నుంచిరి. ఆ పెద్దమనుష్యుడు సామాన్యుడు గాడు. ఆంగ్లదేశపు క్రైస్తవ మతాధికారులలో అగ్రగణ్యుడు, రాజునకు మహామంత్రి, జాను మోర్టను. పంక్తిలో వడ్డన చేయుచు, పెద్దల సంభాషణలు వినుచు ఆ బాలుడు చూపిన చురుకుదనమునకు మోర్టను మెచ్చి, వీడు ముందు ముందు అసాధారణుడగునని అతిథులతో అనుచుండెడివాడట. ఆయన ప్రాపుననే మోరు ఆక్సుఫర్డు విద్యాపీఠమున చేరెను. కుమారుడు సాహిత్యములో పడి వృత్తివిద్యను మఱచునేమో యని తండ్రికి భయము కలిగెను. రెండేండ్లకే వెనుకకు పిలిపించి న్యాయశాస్త్రమున ప్రవేశపెట్టెను. కావ్యములు కూడు పెట్టవను మాట మన యిండ్లలోనే గాక, ఐదువందల యేండ్ల క్రిందటి లండనులోను వినబడినది! అయినను మోరు పగలు చట్టములు చదివి, తక్కిన వేళల లాటిను గ్రంథములను విడువక, గ్రీకు భాషను సైతము నేర్చెను.

యౌవనమున ఆయన మనస్సు వైరాగ్యము వైపు మొగ్గినది. నాలుగేండ్లపాటు కార్థూసియను సన్న్యాసుల మఠము చెంత నివసించి వారి ఉపవాసములను, ప్రార్థనలను అనుసరించెను. తుదకు గృహస్థాశ్రమమే తనకు తగినదని నిశ్చయించుకొని 1505 ప్రాంతమున జేను కోల్టు అను కన్యను వివాహమాడెను. కాని పైని పట్టుబట్టలు కట్టినను లోపల గరుకైన వెండ్రుకల చొక్కా తొడుగు నియమమును మాత్రము కడవఱకు మానలేదు. ఆ సంగతి పెద్దకుమార్తె మార్గరెట్టునకు తప్ప ఇతరులకు తెలియకుండెను. దానిని ఉదుకునది ఆమెయే.

ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగిన పిదప 1511లో జేను మరణించెను. తల్లిలేని పసివారి నిమిత్తమై మోరు త్వరలోనే ఏలిసు అను వితంతువును పరిణయమాడెను. ఆడుపిల్లలకు అక్షరములు నేర్పుటయే వింతగా నెంచు ఆ రోజులలో ఆయన తన కుమార్తెలకు, కుమారునితో సమానముగ, లాటిను, గ్రీకు, తర్కము, ఖగోళము చెప్పించెను. రాచకార్యమున దూరమేగినపుడు వారు లాటినులో జాబులు వ్రాయవలెనని నియమము. మార్గరెట్టు పందొమ్మిదేండ్ల వయస్సున ఒక లాటిను గ్రంథమును ఇంగ్లీషులోనికి పరివర్తనము చేయగా అది అచ్చుపడెను. ఆ కుటుంబపు విద్యాభ్యాసము ఐరోపా పండితులలో చెప్పుకొనదగిన ముచ్చట యయ్యెను.

ఆ పండితులలో మేటియగు ఎరాస్మసు మోరునకు ప్రాణమిత్రుడు. హాలండు దేశమువాడు. 1509లో మోరు ఇంట అతిథిగా నుండియే ఆయన తన ప్రసిద్ధమైన హాస్య గ్రంథము 'మూర్ఖతా ప్రశంస'ను రచించెను. మోరు పేరునకును, మూర్ఖతయను అర్థమిచ్చు గ్రీకు పదమునకును గల పోలికతో ఆ గ్రంథనామమున శ్లేష కల్పించి మిత్రుని వేళాకోళము చేసెను. హాస్యప్రియత్వము మోరునకును పుట్టుకతో వచ్చిన గుణము. మృత్యువు నెదుటను అది ఆయనను వీడలేదు.

1516లో మోరు స్వయముగ రచించిన 'యుటోపియా' లాటిను భాషలో వెలువడెను. ఎచ్చటను లేని చోటు అని గ్రీకులో ఆ పేరునకర్థము. అది ఒక కల్పిత ద్వీపపు వృత్తాంతము. అచ్చట సొంత ఆస్తి లేదు. అందఱును దినమునకు ఆఱు గంటలు పనిచేయుదురు. తక్కిన కాలమున చదువుకొందురు. బంగారమునకు విలువ యిచ్చుట తెలివితక్కువ యని, దానితో నేరస్థులకు సంకెళ్లును, నీచోపయోగపు పాత్రలును చేయింతురు. ఎవరి మతము వారిది; మతమునుబట్టి ఒకరి నొకరు హింసింపరాదు. ఆ కాలమున ఆంగ్లదేశములో గొఱ్ఱెల మేతకై భూస్వాములు పొలములకు కంచెలు వేసి కాపులను వెడలగొట్టుచుండిరి. పొట్టకూటికై దొంగిలించిన పేదలను ఉరితీయుచుండిరి. ముందు దొంగలను తయారుచేసి పిదప వారిని శిక్షించుచున్నారని మోరు ఆ గ్రంథమున నిర్భయముగ ఎత్తిచూపెను. ఆదర్శరాజ్యమునకు యుటోపియా యను మాట నేటికిని లోకమంతట వ్యవహారమున నున్నది.

ఇట్టి ప్రతిభావంతుని ఎనిమిదవ హెన్రీ రాజు విడిచిపెట్టునా? 1518 నాటికి మోరు రాజసభలో సభ్యుడు. 1521లో సర్ బిరుదు వచ్చెను. 1523లో పార్లమెంటు సామాన్యసభకు అధ్యక్షుడయ్యెను. రాజు రాత్రివేళ మేడపైకి పిలిపించుకొని నక్షత్రముల గతులను గూర్చి ముచ్చటించుచుండెను. ఒకనాడు చెప్పకయే చెల్సీలోని ఆయన యింటికి విందునకు వచ్చి, మెడపై చేయివైచి తోటలో గంటసేపు విహరించెను. అల్లుడు విలియము రోపరు సంతోషము పట్టలేక మామగారిని అభినందించెను. మోరు మాత్రము ఉప్పొంగలేదు. తన తలతో ఫ్రాన్సులో ఒక్క కోట లభించునన్నచో ఆ తల నిలువదని అల్లునితో చెప్పెను. రాజానుగ్రహమును అంత చక్కగ కొలత వేసినవాడు మఱియొకడు లేడు. ఈ రోపరే తరువాత మామగారి చరిత్రమును వ్రాసెను. ఇచ్చట చెప్పు ముచ్చటలలో పెక్కు ఆయన మూలముగ మనకు దక్కినవే.

1529 అక్టోబరులో మోరు మహామంత్రి పదవి నధిష్ఠించెను. రాజముద్రను భద్రపఱచుట, ధర్మాసనమున కూర్చుండి తీర్పులు చెప్పుట ఆ పదవి విధులు. ఆయన న్యాయస్థానమునకు పోవు దారిలోనే వృద్ధుడగు తండ్రి న్యాయమూర్తిగ కూర్చుండు సభ యుండెను. దేశమునకు మహామంత్రి యయ్యును మోరు ఆ సభలోనికి పోయి, అందఱి యెదుట మోకరిల్లి తండ్రి ఆశీర్వచనము గైకొని గాని తన పీఠమున కూర్చుండెడివాడు గాడు. ఒక ధనిక వితంతువు తన వ్యాజ్యెము నెగ్గినందుకు సంవత్సరాది కానుకగ ఒక జత చేతితొడుగులను, వానిలో నలువది పౌనుల బంగారు నాణెములను ఉంచి సమర్పించెను. స్త్రీ యిచ్చిన కానుకను కాదనుట మర్యాద కాదని తొడుగులు మాత్రము పుచ్చుకొని నాణెములను త్రిప్పి పంపెను. ఏండ్ల తరబడి పేరుకొనిన వ్యాజ్యెముల నన్నిటిని తీర్చివేయగా, ఒకనాడు పిలుచుటకు వ్యాజ్యెమే లేకుండెనని చెప్పుదురు.

ఇంత గుణవంతుని కథలో ఒక మచ్చ కలదు. దానిని దాచి చెప్పినచో అది చరిత్ర కాదు, స్తోత్రమగును. అప్పటికి జర్మనీలో లూథరు ప్రారంభించిన మతసంస్కరణము ఆంగ్లదేశమునకు ప్రాకుచుండెను. రోము నగరమున నున్న పోపు అధికారమును ధిక్కరించు ఆ నూతన మార్గమును మోరు మిక్కిలి ద్వేషించెను. వారిపై ఘాటైన గ్రంథములు వ్రాసెను. నిషిద్ధ పుస్తకములు తెచ్చినవారిని పట్టించెను. ఆయన మహామంత్రిగ నున్న కాలమున ఆఱుగురు మతభేదము కారణముగ సజీవ దహనము చేయబడిరి. అది న్యాయమే యని ఆయన నమ్మెను. తన సమాధికై వ్రాయించుకొనిన శాసనమునందే, దొంగలకును హంతకులకును మతవిరోధులకును తాను కఠినుడనని చెప్పుకొనెను. యుటోపియాలో మతస్వేచ్ఛను వర్ణించిన కలమే, పదవిలో కూర్చుండిన పిదప ఆ స్వేచ్ఛను కాలరాచెను. పరుల అంతరాత్మకు ఆయన చోటియ్యలేదు. తన అంతరాత్మకు చోటిమ్మని అడుగవలసిన దినము ఆయనకును వచ్చినది.

రాజునకు పుత్రసంతానము లేదు. రాణి కేథరిను ఆయన అన్నకు వితంతువు. పోపు ప్రత్యేకానుమతితో 1509లో హెన్రీ ఆమెను వివాహమాడెను. వారికి మేరీ యను కుమార్తె మాత్రము దక్కెను. ఇంతలో రాజు మనస్సు ఏను బొలీను అను యువతిపై లగ్నమయ్యెను. వదినెను పెండ్లాడుట పాపము గావున తన వివాహము మొదటినుండియు చెల్లదని తీర్పు చెప్పుమని పోపును కోరెను. కేథరిను మేనల్లుడగు ఛార్లెసు చక్రవర్తి సేనలు 1527లో రోమునే కొల్లగొట్టి యుండుటచే పోపు ఆయనకు వెఱచి కాలము గడపుచు వచ్చెను. హెన్రీకి విసుగు పుట్టెను. పోపు తీర్పే అక్కఱలేదు, ఆంగ్లదేశపు క్రైస్తవ సంఘమునకు తానే అధిపతినని నిశ్చయించెను. 1532 మే 15వ తేదీన మతాధికారులు రాజునకు లోబడి వ్రాసియిచ్చిరి. మఱునాడే మోరు రాజముద్రను తిరిగి యిచ్చి పదవి విడిచెను. ఆరోగ్యము బాగుగ లేదని మాత్రము చెప్పెను.

పదవితో పాటు రాబడి పోయెను. మిగిలినది ఏటికి నూఱు పౌనులకు కొంచెము మించినది మాత్రమే. ఆయన కొడుకు, కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు అందఱిని చేరబిలిచి లెక్క చెప్పెను. తాను విద్యార్థిగ ఆక్సుఫర్డులో తిన్న పేదతిండి మొదలు మహామంత్రి భోజనము వఱకు అన్ని మెట్లును ఎఱిగినవాడ ననియు, ఇక ఒక్కొక్క మెట్టే దిగివచ్చెదమనియు, అదియు సాగనపుడు జోలెలు తగిలించుకొని ఇంటింట పాడి బిచ్చమెత్తుకొందమనియు, అందఱము కలసియే యుందము గనుక చింతలేదనియు నవ్వుచు చెప్పెను.

ఆయన కోరినది ఒక్కటే: తన యింట తాను ఊరకుండుట. కాని 1533 జూన్ 1వ తేదీన ఏను రాణికి పట్టాభిషేకము జరుగగా, ఆహ్వానము వచ్చినను మోరు పోలేదు. ఊరిలో అందఱు వచ్చిన పెండ్లికి పెద్దమనిషి యొక్కడు రాకున్న, వచ్చిన వేయిమంది కంటె రాని యొక్కడే కనబడును. మోరు ధర్మబుద్ధి దేశదేశములకు తెలిసినది కావున ఆయన మౌనము రాజు చెవికి కేక వలె వినబడెను.

1534లో పార్లమెంటు వారసత్వ శాసనమును చేసెను. ఏను సంతానమే సింహాసనమునకు అర్హులని ప్రజలందఱును ప్రమాణము చేయవలెను. మోరును ఏప్రిల్ 13వ తేదీన లాంబెతు భవనమునకు పిలిపించిరి. చిన్ననాడు తాను వడ్డన చేసిన మోర్టను భవనమే యది. శాసనమును ఆయన చేతికిచ్చిరి. తిన్నగ చదివెను. ప్రమాణపత్రమును చదివెను. రెంటిని పోల్చి చూచెను. ఏను బిడ్డలే వారసులని ప్రమాణము చేయుటకు తనకు అభ్యంతరము లేదని చెప్పెను. రాజ్యము ఎవరికన్నది పార్లమెంటు నిర్ణయింపవచ్చును. కాని ఆ పత్రమున అంతకు మించి పోపు అధికారమును త్రోసిపుచ్చు మాటలు కలవు. వానికి తన అంతరాత్మ ఒప్పదనెను. చేసినవారిని తాను తప్పుపట్టననెను. ఎందుల కొప్పదో మాత్రము చెప్పననెను. ప్రమాణము చేసినవారి పేర్ల చిట్టాను ఆయన ముందు విప్పి చూపిరి. కొంతసేపు పక్కగదిలో కూర్చుండబెట్టిరి. ప్రమాణము చేసిన మతాచార్యులు ఉల్లాసముగ పోవుచుండుట కిటికీలోనుండి ఆయనకు కనబడుచుండెను.

లెక్కలు వ్రాసి బ్రతికిన నాబోటివానికి ఈ ఘట్టము మిక్కిలి దగ్గఱగ తోచును. కాగితము చివరి చేవ్రాలు ఎంత చిన్నది! దాని బరువెంత పెద్దది! అందఱు వ్రేలు పెట్టిన చోట మనమును పెట్టిన నేమి యనుకొనుట లోకసహజము. మొదట కాగితమును సాంతముగ చదువువాడే అరుదు. చదివి, ఒప్పుకొనదగినది ఇంతవఱకు, ఒప్పుకొనరానిది ఇచ్చటినుండి యని గీత గీచి చూపగలవాడు మఱియు అరుదు. మోరు మొండివాడు గాడు; వంగగలిగినంతవఱకు వంగెను. వంగరాని చోట నిలిచెను. ఏప్రిల్ 17వ తేదీన ఆయనను లండను కోటలోని చెఱలో పెట్టిరి.

చెఱలో ఖైదీ తిండిఖర్చు ఖైదీ కుటుంబమే పెట్టుకొనవలెను. వారమునకు పదునైదు షిల్లింగులు. ఆస్తి రాజు వశము కాగా, ఆ సొమ్మునకై భార్య ఏలిసు తన బట్టలమ్ముకొనెను. ఆమె మాటలలో మొరటుతనము గల ఇల్లాలు. ఒకనాడు చెఱకు వచ్చి, చక్కని ఇల్లు, తోట, పుస్తకముల గది, ఆలుబిడ్డలు ఉండగా ఎలుకల నడుమ ఈ కంపులో పడియుండుట యేమి పిచ్చియని చీవాట్లు పెట్టెను. ఈ యిల్లును స్వర్గమునకు మన యింటి యంత దగ్గఱలోనే యున్నది కదా యని ఆయన నవ్వెను. మార్గరెట్టు కూడ బ్రతిమాలెను. ఆమె దైవశాసనము అనుమతించినంతవఱకు అను మాట చేర్చి ప్రమాణము చేసియుండెను. తండ్రికి భార్య కోపము కంటె కూతురి కన్నీరే గొప్ప పరీక్ష యయ్యెను. అయినను చలింపలేదు. ఆ చెఱలోనే ఆపదలో ఓదార్పును గూర్చి ఒక గ్రంథము రచించెను. కలము, సిరా తీసివేసినపుడు బొగ్గుముక్కతో కూతునకు జాబులు వ్రాసెను. 1535 మే 4వ తేదీన, యౌవనమున తాను చేరగోరిన మఠము పెద్దను, మఱికొందఱు సన్న్యాసులను వధ్యస్థలికి ఈడ్చుకొని పోవుచుండగా తండ్రీకూతుండ్రు కిటికీనుండి చూచిరి. పెండ్లికుమారుల వలె ఉల్లాసముగ పోవుచున్నారని మోరు కూతునకు చూపెను.

అప్పటికి మఱియొక శాసనము అమలులోనికి వచ్చెను. రాజు క్రైస్తవ సంఘమునకు అధిపతి కాడని దురుద్దేశముతో పలికినవాడు రాజద్రోహి. అధికారులు పలుమాఱులు వచ్చి ప్రశ్నించిరి. అవునన్నచో ఆత్మకు చేటు, కాదన్నచో శరీరమునకు చేటు. రెండంచుల కత్తి వంటిది ఆ శాసనము. మోరు ఏమియు చెప్పలేదు. పలుకనివానిని పలికిన నేరమునకు శిక్షించుట యెట్లు?

జూన్ 12వ తేదీన రిచర్డు రిచ్ అను ప్రభుత్వ న్యాయాధికారి చెఱకు వచ్చెను. మోరు పుస్తకములను స్వాధీనము చేసికొనుట పైకి చెప్పిన పని. వెంట వచ్చిన యిద్దఱు పుస్తకములను గోనెలో మూటగట్టుచుండగా, రిచ్ స్నేహముగ మాటలు కలిపెను. పార్లమెంటు నన్ను రాజుగ నియమించినచో మీరు అంగీకరింపరా యని మొదలిడి, న్యాయవాదులు సరదాకు వేసికొను ఊహాప్రశ్నలు వేసెను. మోరును ఒకటి రెండు ఊహాప్రశ్నలు వేసెను. గోనె కట్టి తీసికొని పోయిరి. పుస్తకములు పోయిన పిదప మోరు కిటికీ తలుపులు మూయించుకొని చీకటిలో కూర్చుండెననియు, సరకులు పోయిన పిమ్మట అంగడి కట్టివేయవలెను గదా యని చమత్కరించెననియు చెప్పుదురు.

జూలై 1వ తేదీన వెస్టుమినిస్టరు సభామందిరమున విచారణ జరిగెను. ఏ పీఠముపై తాను తీర్పులు చెప్పెనో దానిపై ఇపుడు వేఱొకడు కూర్చుండెను. న్యాయమూర్తులలో ఏను రాణి తండ్రియు, అన్నదమ్ముడును, మేనమామయు నుండిరి. చెఱవలన వంగిపోయి, గడ్డము పెరిగి, కఱ్ఱ ఊతగ వచ్చిన మోరు తన వాదమును తానే వినిపించెను. మౌనము అంగీకారమని న్యాయశాస్త్రము చెప్పుచున్నది గావున తన మౌనమును నిరాకరణముగ లెక్కింపరాదనెను. అపుడు రిచ్ లేచి, పార్లమెంటు రాజును సంఘాధిపతిగ చేయజాలదని ఆనాడు పుస్తకముల మూట చెంత మోరు తనతో అనెనని ప్రమాణపూర్వకముగ చెప్పెను. మోరు దానిని ఖండించెను. దేశమున పెద్దపెద్ద వారికి చెప్పని రహస్యమును, నాలుకకు నిలుకడ లేనివాడని పేరుపడిన ఇతనికి చెప్పుదునా యని అడిగెను. మూట కట్టిన యిద్దఱిని పిలిచిరి. పుస్తకములు కట్టు పనిలో నుండి మాటలు వినలేదని వారు చెప్పిరి. మూటకు రెండు ముళ్లు వేయునంతలో ఒక ప్రాణము పోయినది! పంచాయతీదారులు పావుగంటలో నేరస్థుడని తేల్చిరి. ప్రమాణము చేయనివాడు, అబద్ధపు ప్రమాణము చేసినవాని మూలమున చెడెను.

తీర్పు వెలువడిన పిమ్మటనే మోరు నోరు విప్పెను. ఇక దాచవలసిన పని లేదు. ఆ శాసనము దైవధర్మమునకు విరుద్ధమని స్పష్టముగ చెప్పెను. పిదప న్యాయమూర్తులను శపింపలేదు. పూర్వము స్టీఫెను అను భక్తుని రాళ్లతో కొట్టి చంపుటకు సమ్మతించిన పాలు, తరువాత తానును మహాభక్తుడై యిద్దఱును స్వర్గమున మిత్రులైనట్లే, మనమందఱము అచ్చట కలిసికొందుముగాక యని వారికి శుభము కోరెను. కోటకు తిరిగి తెచ్చుచుండగా మార్గరెట్టు రేవున వేచియుండెను. బల్లెములు పట్టిన భటుల వరుసను చీల్చుకొని పోయి తండ్రి మెడను కౌగిలించుకొనెను. కొంత దూరము పోయి, ఆగలేక మరల వచ్చి కౌగిలించుకొనెను. చూచినవారిలో కంట తడి పెట్టనివారు అరుదు.

ఉరివైచి, పొట్ట చీల్చి, నాలుగు ముక్కలు చేయవలెనని శిక్ష. రాజు దానిని శిరచ్ఛేదముగ తగ్గించెను. జూలై 5వ తేదీన మోరు కూతునకు కడపటి జాబును బొగ్గుతో వ్రాసి, వెండ్రుకల చొక్కాను ఆమెకు పంపివేసెను. మఱునాటి ఉదయము ఒక మిత్రుడు వచ్చి, తొమ్మిది గంటలలోపల మరణింపవలెననియు, వేదికపై ఎక్కువ మాటలాడరాదని రాజాజ్ఞ యనియు చెప్పి ఏడ్చెను. మోరే ఆయనను ఓదార్చెను. తలారికి చెందునని తెలిసి మేలైన పట్టుదుస్తులు ధరింపబోగా కోట అధికారి వారించెను. అందులకు బదులుగ తలారికి ఒక బంగారు నాణెము పంపెను. వధ్యవేదిక కదలుచుండెను. ఎక్కుటకు చేయి యిమ్మనియు, దిగివచ్చుట తానే చూచుకొందుననియు అధికారితో పరిహాసమాడెను. తాను రాజునకు మంచి సేవకుడననియు, అయినను ముందు దైవమునకు సేవకుడననియు ప్రజలకు చెప్పెను. తలారిని ధైర్యముగ పని చేయుమని ప్రోత్సహించెను. గడ్డమును దిమ్మెపైనుండి ప్రక్కకు తొలగించుకొని, అది రాజద్రోహమేదియు చేయలేదనెనని ప్రతీతి. ఒక్క వేటుతో అంతయు ముగిసెను.

ఆయన తలను లండను వంతెనపై గుచ్చి నెలదినములుంచిరి. దానిని నదిలో పాఱవేయబోవుచుండగా మార్గరెట్టు సంపాదించి భద్రపఱచుకొనెను. 1544లో ఆమె మరణించినది. ఆ తల కాంటర్బరీలో రోపరు వంశీయుల సమాధిలో నున్నదని చెప్పుదురు. మొండెమును కోటలోని చిన్న దేవాలయమున పాతిపెట్టిరి. ఏడాది తిరుగకమునుపే, 1536 మే 19వ తేదీన, ఏను రాణి తల తెగెను. మోరు విచారణను నడిపించిన మంత్రి థామస్ క్రాంవెలు తల 1540లో తెగెను. ముగ్గురును ఆ చిన్న దేవాలయపు నేల క్రిందనే చేరిరి. అబద్ధసాక్ష్యము చెప్పిన రిచ్ మాత్రము 1547లో తానే మహామంత్రి యయ్యెను. 1567లో సుఖముగ కన్నుమూసెను. చేసినవారందఱును ఈ లోకముననే అనుభవింతురని చెప్పుట తేలిక. లోకపు చిట్టాలో అట్టి జమాఖర్చు ప్రతిసారి సరిపడదు. సరిపడునను ఆశతో మోరు ప్రమాణము మానలేదు. అదియే ఆయన గొప్పతనము.

1935లో పోపు ఆయనను పునీతునిగ ప్రకటించెను. 2000లో రాజకీయవేత్తలకు ఆయనను రక్షకునిగ నియమించిరి. ఆయన మతమును ఒప్పనివారును, ఏ మతమును నమ్మనివారును సైతము ఆయనను గౌరవించుచున్నారు. సత్యమునకై ఆలుబిడ్డలను, రాజ్యమును వదలుకొనిన హరిశ్చంద్రుని కథ వినుచు పెరిగిన మనకు ఈ గౌరవము నేర్పనక్కఱలేదు. కాని హరిశ్చంద్రునకు చివర అన్నియు తిరిగి లభించెను. మోరునకు ఏదియు తిరిగి రాలేదు.

ఆయన దహనమునకు ఒప్పిన ఆ ఆఱుగురును తమ విశ్వాసము కారణముగనే మరణించిరి. ఆ లెక్కను మోరు పేరిట వ్రాయక తప్పదు. తన అంతరాత్మకు కోరిన చోటును పరుల అంతరాత్మకును ఇచ్చినవాడే సంపూర్ణుడు. అట్టి దేశమును మోరు పుస్తకములో మాత్రమే చూడగలిగెను. పుస్తకము దాని కర్త కంటె ఒక్కొక్కప్పుడు పెద్దదగును. కర్తను చంపినను, గోనెలో మూటగట్టినను అది నిలుచును. మన బీరువాలలోని పుస్తకములను తెఱచునపుడు చదువరులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురు గాక! కాగితమును సాంతముగ చదువక చేవ్రాలు చేయని తరమొకటి ఈ గ్రంథాలయమునుండి బయలుదేరినచో, ఇరువదియైదేండ్ల మన శ్రమ ఫలించినట్లే.